పాత సైకిల్‌ని బాగుచేయడం: ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

అటక మీదో, పశువుల కొట్టంలోనో పాత సైకిల్ ఒకటి బయటపడగానే చాలామంది మొదట చేసే పని రంగు డబ్బా కొనుక్కురావడం. రెండో పని క్రోమ్ మాసిన రిమ్ములు పీకించి కొత్తవి వేయించడం. వారం తిరిగేసరికి బండి తళతళలాడుతుంది. చూసినవాళ్లు "అబ్బ, కొత్తదానిలా ఉందే" అంటారు. లోపల మాత్రం యాభై ఏళ్ల నాటి గ్రీజు గట్టిపడి అలాగే ఉంటుంది, తొక్కితే కటకటమంటుంది. ఉండాల్సింది పోయింది, పోవాల్సింది మిగిలింది.

సైకిల్‌కి ముసలితనం రెండు దారుల్లో వస్తుంది. తిరిగే చోట, రాసుకునే చోట అరుగుదల వస్తుంది. హబ్బుల్లో (చక్రాల మధ్య భాగాల్లో) బాల్సు, వాటిని పట్టి ఉంచే కోన్లు, చైను, బ్రేకు రబ్బర్లు అలాంటివి. కదలని చోట కాలం తన పని తాను చేసుకుపోతుంది. నల్ల రంగు మసకబారుతుంది, బంగారు గీతలు అక్కడక్కడా చెరిగిపోతాయి, హ్యాండిల్ కింద ఉండే కంపెనీ బిళ్ల మీద రంగు పోయి ఇత్తడి బయటపడుతుంది. అరుగుదల అనేది లోపం, దాన్ని ఎంత శ్రద్ధగా సరిచేస్తే అంత మంచిది. మాసిన రంగు లోపం కాదు. అది ఆ బండి ఎన్నాళ్లు, ఎలా బతికిందో చెప్పే ఆనవాలు. దాన్ని ఉన్నచోట ఆపగలిగితే చాలు. కొత్త రంగు ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకోవచ్చు, గీకేసిన పాత రంగు మాత్రం ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు. అనుమానం వచ్చిన ప్రతిచోటా నేను ఈ లెక్కే చూసుకుంటాను: ఈ పని చేశాక మళ్లీ వెనక్కి తీసుకోగలనా, లేదా?

ఈ విషయంలో రాయలసీమ వాళ్లకి ఒక అదృష్టం ఉంది. సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. కర్నూలు, అనంతపురం, కడపల్లో గాలి పొడి. అనంతపురంలో ఏడాది మొత్తం మీద సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. అందుకే ఇక్కడ వరండాలో అరవై ఏళ్లు నిలబడ్డ సైకిల్‌కి కూడా ఫ్రేము గట్టిగానే ఉంటుంది, పైన రంగు చాలావరకు నిలిచే ఉంటుంది. ఎండ వేరేవాటి మీద పడుతుంది. టైర్లు బీటలు వారతాయి, తోలు సీటు ఎండి వంకర తిరుగుతుంది, గ్రీజు జిగురై చివరికి లక్కలా పేరుకుంటుంది. మన దగ్గర పాత సైకిల్ అంటే ఎక్కువసార్లు గట్టి ఎముకలు, ఎండిపోయిన కీళ్లు.

దీనికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు ఊరంతా మునిగినప్పుడు వేలాది ఇళ్లలో సామానుతో పాటు సైకిళ్లూ నీళ్లలో నానాయి. పైన కడిగి తుడిచి వాడుకున్నారు. లోపలికి పోయిన ఒండ్రు మాత్రం చాలావాటిలో అలాగే ఉండిపోయింది. మా మామయ్య వాళ్లింట్లో ర్యాలీ కంపెనీ సైకిల్ అలాంటిదే. క్రాంకు ఇరుసు, అంటే పెడళ్ల కాళ్లు తిరిగే ఇరుసు, ఊడదీస్తే బూడిదరంగు మట్టి బిళ్లలు బిళ్లలుగా రాలింది. బాల్సు తాము దొర్లే గిన్నెలాంటి కప్పుకి అతుక్కుపోయి, ఒక్కోదాని చుట్టూ గోధుమరంగు వలయం కట్టి ఉంది. పైన చూస్తే రంగు, గీతలు అన్నీ బాగున్నాయి. కర్నూలులో పాత సైకిల్ కొనేవాళ్లు, ఇంట్లోది బాగుచేసుకునేవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న అది వరదలో ఉందా లేదా అని. ఉంటే పైపై ఓవరాలింగ్‌తో సరిపెట్టకుండా ఆఖరి బాల్ దాకా విప్పాల్సిందే.

విప్పే ముందు ఆ బండి ఏదో తెలుసుకోవాలి. పాత సైకిళ్లలో కలగాపులగం ఎక్కువ. ఒక కంపెనీ ఫ్రేముకి ఇంకో కంపెనీ ఫోర్కు, మూడో కంపెనీ హ్యాండిల్ తగిలించి నడిపిన రోజులవి. ముందున్న బిళ్లని నమ్మలేం, రెండు రివెట్లు ఊడగొడితే మారిపోతుంది. పెడళ్ల దగ్గరుండే పళ్ల చక్రం ఎక్కువ నమ్మకమైన సాక్షి. ఇంగ్లండు కంపెనీలు తమ గుర్తును అందులోనే కోసి పెట్టేవి. ర్యాలీ చక్రంలో కొంగ తలలు, రడ్జ్ చక్రంలో అరచెయ్యి, హంబర్ చక్రంలో పరిగెత్తే మనుషులు, బీఎస్ఏ చక్రంలో ఆ మూడు అక్షరాలు కనిపిస్తాయి. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. తుపాకులు చేస్తూ సైకిళ్లలోకి వచ్చిన కంపెనీ కాబట్టి దాని గుర్తు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులు. హంబర్‌కి ఇంకో ఆనవాలు కూడా ఉంది, ముందు ఫోర్కు ఒక్కో పక్క రెండేసి గొట్టాలతో ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పేర్లలో కొన్ని ఇండియాలోనే తయారయ్యాయి. మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో పెట్టిన టీఐ సైకిల్స్ హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్ఏ బళ్లు చేసింది. ర్యాలీ, హంబర్, రడ్జ్ బళ్లు బెంగాల్లోని ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేవి. సోనీపత్ అట్లాస్ 1951లో, లూధియానా హీరో 1956లో మొదలయ్యాయి. 2020లో అట్లాస్ చివరి ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది. కట్నంలో ర్యాలీ సైకిలు, చేతి గడియారం అడిగే కాలంలో మన పల్లెలకి వచ్చిన "ర్యాలీ" నాటింగ్‌హామ్‌దో ఆసన్‌సోల్‌దో తెలియడం ఎందుకు ముఖ్యమంటే, సామాను దొరకడం, పట్టడం దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇంగ్లండుదే గొప్ప, ఇక్కడిది తక్కువ అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. మన జిల్లాల్లో పాలక్యాన్లు, వేరుశనగ మూటలు, ముగ్గురేసి పిల్లల్ని మోసింది ఎక్కువగా ఇక్కడ తయారైన బళ్లే.

సంవత్సరం కనుక్కోవడానికి ఫ్రేము నెంబరు చాలాసార్లు సాయపడదు. వెనక హబ్బు స్టర్మీ ఆర్చర్ కంపెనీ గేర్ల హబ్బు అయితే మాత్రం దాని మీదే సంవత్సరం, నెల అచ్చుకొట్టి ఉంటాయి. 58, 3 అని ఉంటే 1958 మార్చి అన్నమాట. ఇంకో ఆధారం మన మునిసిపాలిటీల బిళ్ల. ఒకప్పుడు సైకిల్‌కి పన్ను కట్టించుకుని రేకు బిళ్ల ఇచ్చేవాళ్లు, దాన్ని బండికే బిగించుకోవాలి. అది ఇంకా ఉంటే తుప్పు పట్టినా సరే తీయకండి. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు ఆఖరుదాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. ఆ మూడేళ్లలో కర్నూలులో పన్ను కట్టిన సైకిల్ బిళ్ల ఎవరి దగ్గరైనా ఉంటే, అది ఆ బండి మీద ఉన్న అన్ని సామాన్లకంటే విలువైనది.

ఇక ఫ్రేము నిటారుగా ఉందో లేదో చూడాలి. దీనికి ఒక దారం చాలు. వెనక చక్రం తీసేసి, ఇరుసు కూర్చునే గాడిలో ఒకవైపు దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, వెనక రెండోవైపు గాడికి లాగి కట్టాలి. మధ్యలో సీటు గొట్టం ఉంటుంది కదా, దానికి రెండు పక్కలా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవాలి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేము సరిగా ఉన్నట్టే. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పట్టించుకోనక్కర్లేదు. ఫోర్కుని చూడటానికి కడప బండ బాగా పనికొస్తుంది. పాలిష్ పట్టిన బండ మీద ఫోర్కుని పడుకోబెడితే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయా, ఒకటి లేచిందా అన్నది వెంటనే తెలుస్తుంది. దేనికైనా గుద్దుకున్న బండికి ఇంకో గుర్తు ఉంటుంది. హ్యాండిల్ గొట్టం వెనక, పై రాడ్డు కింద, కింది గొట్టం అడుగున రంగు ముడతలు పడి ఉంటుంది. అక్కడ వేలు పెట్టి చూస్తే అల తగులుతుంది.

పగులు కనిపిస్తే అది మామూలు వెల్డింగ్ షాపు పని కాదు. ఈ ఫ్రేములు గొట్టాల్ని లగ్గుల్లో (గొట్టాలు కలిసే చోట ఉండే తొడుగుల్లో) దూర్చి ఇత్తడి కరిగించి అతికినవి. కరెంటు వెల్డింగ్ పెడితే ఆ చిన్న చోట విపరీతమైన వేడి పుట్టి పక్కన గొట్టం పెళుసవుతుంది, ఆర్నెల్లకి అక్కడే విరుగుతుంది. గ్యాస్‌తో ఇత్తడి వెల్డింగ్ చేసేవాళ్లనే వెతకాలి.

తుప్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పైపైన ఎర్రగా కనిపించే తుప్పంతా ప్రమాదం కాదు. గోరుతో గీకితే పొడిలా రాలి, కింద నున్నగా ఉంటే అది పై తుప్పు. గోరు గుంటల్లో ఆగితే లోహం తినేసినట్టు. అప్పుడు తుప్పు తీసినా గుంట ఉంటుంది. గొట్టం లోపలి తుప్పు కంటికి కనపడదు. సీటు రాడ్డు తీసి టార్చి వేసి చూడాలి, గొట్టం పొడుగునా స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోవాలి. ఖంగుమనే చప్పుడు ఒకచోట మొద్దుగా మారితే అక్కడ అనుమానించాలి.

క్రోమ్ మీద మచ్చలు మచ్చలుగా వచ్చే తుప్పు నిజానికి క్రోమ్‌ది కాదు. క్రోమ్ పూత చాలా పలచన. దాని కింద నికెల్, దాని కింద ఇనుము. పూతలో కంటికి కనపడని రంధ్రాల్లోంచి తేమ దిగి కింద ఇనుము తుప్పు పట్టి, అది పైకి ఉబికి వస్తుంది. కాబట్టి గట్టి ఎమ్రీ పేపరుతో రుద్దితే ఆ తుప్పుతో పాటు మిగిలిన క్రోమ్ కూడా పోతుంది. బిర్యానీ పార్సిల్‌కి చుట్టే అల్యూమినియం ఫాయిల్ ముక్కని నలిపి నీళ్లలో ముంచి రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన, గీతలు పడవు. మచ్చలు చాలావరకు పోతాయి. తర్వాత తుడిచి పలచగా మెషీన్ ఆయిల్ పూయాలి, లేదంటే నెలకే మళ్లీ మొదలు. కడగడానికి బోరు నీళ్లు వాడేవాళ్లు వెంటనే పొడిబట్టతో తుడవాలి. మన బోర్ల నీళ్లలో ఉప్పులెక్కువ, ఆరిన ప్రతి చుక్కా క్రోమ్ మీద తెల్ల మచ్చ వదులుతుంది.

చిన్న సామాన్లకి, అంటే నట్లు, బ్రేకు రాడ్లు, స్టాండు స్ప్రింగుకి, ఆక్సాలిక్ యాసిడ్ మంచిది. తెల్ల పొడిలా దొరుకుతుంది. అయిదు లీటర్ల నీళ్లలో వంద గ్రాములు కలిపి కొన్ని గంటలు నానబెడితే తుప్పుని కరిగిస్తుంది, కింద ఇనుమును పెద్దగా ముట్టుకోదు. తీశాక సోడా నీళ్లలో కడగాలి. ఇది విషం. చేతులకి గ్లౌజులు, పిల్లలకి అందని చోటు తప్పనిసరి. పొడిని పీల్చకూడదు. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం దయచేసి వాడకండి. అయిదు నిమిషాల్లో తుప్పు పోయినట్టు కనిపిస్తుంది, మర్నాటికి అంతకు రెట్టింపు వస్తుంది. క్రోమ్ లేచిపోతుంది, గట్టి స్టీలు సామాన్లు పెళుసవుతాయి. చింతపండు ఇత్తడి బెల్లుకి బాగా పనిచేస్తుంది. కంపెనీ బిళ్లకి వద్దు. అందులో ఉన్న ఎరుపు, నీలం రంగుల్ని పోగొడుతుంది.

ఇప్పుడు అసలు పని, బేరింగులు. పాత సైకిల్ తొక్కినప్పుడు బరువుగా ఉందంటే నూటికి తొంభై సార్లు కారణం ఇక్కడే. ముందు చక్రంలో సాధారణంగా 3/16 అంగుళం బాల్సు పక్కకి పదేసి, వెనక చక్రంలో 1/4 అంగుళం బాల్సు తొమ్మిదేసి, క్రాంకు ఇరుసుకి 1/4 అంగుళంవే పదకొండేసి ఉంటాయి. విప్పేటప్పుడు కింద గుడ్డ పరిచి, రాలినవాటిని లెక్కపెట్టి రాసుకోవాలి. గత మెకానిక్ తక్కువ వేసి ఉండొచ్చు కాబట్టి ఆ లెక్కనీ పూర్తిగా నమ్మకుండా, కప్పు నిండా పేర్చి ఒక్క బాల్ జాగా ఖాళీ ఉండేలా చూసుకోవాలి. పాత బాల్సు బాగున్నట్టు కనిపించినా పారేయండి. పాతవీ కొత్తవీ కలిపి అసలు వేయకూడదు. అరిగినవాటి మధ్య కొత్తది వెంట్రుకవాసి పెద్దగా ఉండి, భారమంతా దాని మీదే పడి కప్పుని తొలిచేస్తుంది. బాల్సు చవక. పాత హబ్బు కప్పు దొరకదు.

కప్పు బాగుందో లేదో తెలుసుకునే పద్ధతి కర్నూలు పాతబస్తీలో ఒక ముసలి మెకానిక్ దగ్గర చూశాను. డీజిల్‌తో కడిగిన కప్పులో, బాల్సు దొర్లే దారి వెంట బాల్ పెన్ను మొనని చిన్నగా తిప్పాడు. "చూడు సార్, పెన్ను జారుతూ పోతే మంచిదే. ఎక్కడన్నా టిక్కుమని ఆగితే అక్కడ గుంట పడినట్టు. కంటికి కనపడదు గానీ పెన్నుకి తెలుస్తది." అని నా చేతికిచ్చాడు. మెరిసే గీత ఉంటే భయం లేదు, అది బాల్సు దొర్లిన జాడ. గుంటలుంటే కోను మార్చాలి. కోను ముందు అరుగుతుంది, అదే తేలిగ్గా మారేది కూడా. హబ్బు కప్పు పోతే ఆ కాలపు ఇంకో హబ్బు వెతుక్కోవడమే.

బిగించడంలో తప్పు చేసేవాళ్లు ఎక్కువ. గట్టిగా బిగిస్తే బాల్సు నలుగుతాయి, వదులుగా ఉంటే చక్రం ఊగుతుంది. ఆటోమొబైల్ షాపులో దొరికే మామూలు లిథియం గ్రీజు నింపి, కోను చేత్తో బిగించి, కొంచెం వెనక్కి తిప్పి లాక్ చేయాలి. తర్వాత చక్రాన్ని గాల్లో పట్టుకుని వాల్వు పక్కకి వచ్చేలా పెట్టి వదలండి. బిగింపు సరిగ్గా ఉంటే ఆ వాల్వు బరువుకే చక్రం తిరిగి, అటూఇటూ ఊగి, చిన్నగా నిలబడుతుంది.

క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను దగ్గర ఎంతోమంది మంచి సైకిళ్లు పాడుచేశారు. అది ఒకవైపు ఏటవాలుగా కోసిన పిన్ను, అరవై ఏళ్లుగా తొక్కినకొద్దీ ఇంకా లోపలికి దిగి కూర్చుంటుంది. నట్టు తీసేసి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే పిన్ను తల పుట్టగొడుగులా పరుచుకుంటుంది, అది ఇక బయటికి రాదు. అంతకంటే నష్టం, ఆ దెబ్బలన్నీ క్రాంకు మీంచి ఇరుసుకి, అక్కణ్ణుంచి బాల్సుకి, కప్పులకి పోతాయి. సరైన దారి ఏమిటంటే, రెండు మూడు రోజుల ముందు నుంచి సన్నని నూనె పోస్తూ ఉండాలి. క్రాంకు కింద, పిన్ను పక్కనే, నేలకి ఆనేలా మందపాటి ఇనుప గొట్టం నిలబెట్టాలి. పిన్ను కిందికి దిగడానికి ఆ గొట్టం మధ్యలో ఖాళీ ఉండాలి. నట్టు పూర్తిగా తీయకుండా పిన్ను మీది మర (థ్రెడ్) చివరికి సమంగా ఉంచి, బరువైన సుత్తితో ఒక్క నిండు దెబ్బ వేయాలి. పది చిన్న దెబ్బలు పాడుచేస్తాయి, ఒక పెద్ద దెబ్బ ఊడదీస్తుంది. కొత్త పిన్ను కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. చాలా ఇంగ్లండు బళ్లకి 9.5 మిల్లీమీటర్లది పడుతుంది, కొన్నింటికి 9. ఏటవాలు కోణం కూడా తేడా ఉంటుంది. రెండు క్రాంకులూ ఒకే గీతలో రాకపోతే సాధారణంగా ఆ కోణమే తేడా, ఆకురాయితో కొద్దికొద్దిగా రాసి సరిచేసుకోవాలి.

ఇక మరల (థ్రెడ్ల) గొడవ. పాత సైకిల్‌కి సామాను పట్టకపోవడానికి అసలు కారణం ఇదే. ఆ కాలం ఇంగ్లండు సైకిళ్ల కొలతలన్నీ అంగుళాల్లో ఉంటాయి. ఇరుసుల మరలు అంగుళానికి 26. వెనక ఇరుసు 3/8 అంగుళం, అంటే 9.5 మిల్లీమీటర్లు. ఇప్పటి 10 మిల్లీమీటర్ల సన్న మర నట్టు దాని మీదికి ఎక్కుతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ పట్టు ఉండదు. గుంతలో పడ్డరోజు చక్రం జారిపోతుంది. క్రాంకు ఇరుసు కప్పులకి మిగతా ఇంగ్లండు కంపెనీలు అంగుళానికి 24 మరలు పెడితే, ర్యాలీ తన పద్ధతిలో 26 పెట్టుకుంది. అంటే ర్యాలీ ఫ్రేములో మామూలు కప్పు పెడితే ఒకటి రెండు చుట్లు వెళ్లి బిగుసుకుంటుంది. "తుప్పు పట్టిందిలే" అని పైపు తగిలించి తిప్పితే ఫ్రేములో మర తెగుతుంది, ఇక ఆ ఫ్రేము పని అయిపోయినట్టే. వేలితో సగం దాకా తేలిగ్గా ఎక్కనిది ఏదైనా మీది కాదని గుర్తుపెట్టుకోండి. లేత్ షాపులో మర కొలిచే గేజు ఉంటుంది, నిమిషంలో చెప్పేస్తారు.

ఎడమ మరల సంగతీ ఇక్కడే చెప్పాలి. ఎడమ పెడలు, చైను వైపు ఇరుసు కప్పు, ఈ రెండూ ఉల్టా తిరుగుతాయి. పెడలు తిరుగుతున్నప్పుడు భారం చుట్టూ మారుతూ ఉండటంతో దాని ఇరుసు తన రంధ్రంలో వ్యతిరేక దిశలో సూక్ష్మంగా దొర్లుతుంది, మామూలు మర అయితే తనంతట తానే ఊడిపోతుంది. ఊడకుండా ఉండాలనే ఆ ఉల్టా మర. ఇది తెలియక గట్టిగా తిప్పేకొద్దీ బిగించుకుంటూ పోతారు. చైను వైపు కప్పుకి ఒక సలహా. అది బాగుంటే అసలు తీయకండి, ఫ్రేములోనే ఉంచి కడగండి.

టైర్ల దగ్గర అంకెలు మోసం చేస్తాయి. రాడ్ బ్రేకుల పెద్ద సైకిల్‌కి 28 × 1 1/2 టైరు వేస్తారు. అది కూర్చునే రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఇంకో రకం 28 టైరుకి రిమ్ము 622 మాత్రమే. 26 × 1 3/8 అంటే 590, అదే 26 అని రాసి ఉండే గేర్ల సైకిల్ టైరు అయితే 559. ఇంచీల అంకె టైరు బయటి వ్యాసానికి దగ్గర్లో పెట్టిన పేరే గాని, రిమ్ము కొలత కాదు. టైరు పక్కన చిన్నగా 40-635 లాంటి అంకె అచ్చు వేసి ఉంటుంది, దాన్ని చూసి కొనండి. పెద్ద సైకిళ్లు ఇప్పటికీ పల్లెల్లో నడుస్తున్నాయి కాబట్టి మనకి ఈ టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మామూలు సైకిల్ షాపులోనే దొరుకుతాయి. ఇది చిన్న సౌకర్యం కాదు. వాల్వులో ఉండే చిన్న రబ్బరు, మనవాళ్లు వాల్ ట్యూబు అంటారు, ఎండకి ఎండి పగులుతుంది. పంక్చరేమీ లేకుండా గాలి దిగుతుంటే ముందు దాన్ని మార్చండి.

చైను కొలవడానికి అడుగు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడితే 24 లింకులకి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. 12 1/8 వచ్చిందంటే చైను పోయినట్టు. లోపల పిన్నులు, బుష్‌లు అరిగి పొడుగవుతుంది. అరిగిన చైను పళ్లని కూడా కొక్కేల్లా చేసి ఉంటే వెనక ఫ్రీవీలు (వెనక పళ్ల చక్రం) మార్చక తప్పదు. ముందు పళ్ల చక్రం మాత్రం కొంగలున్నా, అరచెయ్యి ఉన్నా, ఎంత అరిగినా దాచుకోండి. చక్రం అవుట్ (వంకర) తీయించే ముందు స్పోకుల చివర రిమ్ములో ఉండే నిప్పళ్లకి ఒక్కోదానికి నూనె చుక్క వేసి రెండ్రోజులు ఆగాలి. పాత బళ్లలో చాలావాటికి ముందు 32, వెనక 40 స్పోకులు ఉంటాయి. తుప్పు పట్టిన నిప్పలు బలవంతంగా తిప్పితే స్పోకు తెగడం ఖాయం.

రాడ్ బ్రేకులో కేబుల్ ఉండదు, అన్నీ రాడ్లు, కీళ్లు. రబ్బరు రిమ్ము లోపలి అంచుకి పైకి లాగబడి ఆనుతుంది. ప్రతి కీలులో కొంచెం ఆట వచ్చినా చివరికి లివరు హ్యాండిల్‌కి ఆనిపోతుంది. కాబట్టి కింది నుంచి పైకి ఒక్కో కీలూ విప్పి, కడిగి, నూనె వేసి సర్దుకుంటూ రావాలి. తడిసిన క్రోమ్ రిమ్ము మీద ఈ బ్రేకు పట్టడం చాలా తగ్గిపోతుంది. వానలో ముందుగానే పట్టుకోవాలి. అలంకారానికి కాకుండా తొక్కడానికి బాగుచేస్తుంటే ఈ ఒక్క విషయంలో పొదుపు వద్దు, రబ్బర్లు తప్పనిసరిగా కొత్తవి వేయండి.

తోలు సీటు ఎండిపోయి ఉంటే కొబ్బరినూనెలో నానబెట్టమని చెప్పేవాళ్లుంటారు. అలా చేస్తే తోలు మెత్తబడి, మనిషి కూర్చోగానే ఉయ్యాలలా కుంగుతుంది. తోలుకి వాడే మైనం పలచగా, ఎక్కువగా అడుగువైపు రాసి, కొన్నాళ్లు ఆగి మళ్లీ రాయాలి. ముక్కు కింద ఉండే బోల్టుని పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పితే ఎండిన తోలు రివెట్ల దగ్గర చిరుగుతుంది.

రంగు దగ్గరికి చివర్లో వచ్చాను, పనిలో కూడా అది చివరిదే. సబ్బునీళ్లు, మెత్తటి బట్ట, ఎక్కడా కనపడని చోట ముందు ఒక పరీక్ష. కంపెనీ పేరు, బంగారు గీతల దగ్గర థిన్నర్, పెట్రోలు ముట్టించకూడదు, అవి వార్నిష్ పొర మీద బతుకుతున్నాయి. మురికి పోయాక కార్లకి వాడే వ్యాక్స్ పూస్తే నలుపు లోతుగా కనిపిస్తుంది. ఇనుము బయటపడ్డ చోట మాత్రం సన్న కుంచెతో నల్ల ఎనామిల్ అద్దండి, చుట్టూ పాకించకండి. ఎవరో మధ్యలో గేటు రంగు పూసి ఉంటే, ఓపికగా కొంచెం కొంచెం తీస్తే కింద అసలు రంగు దొరుకుతుంది. పూర్తిగా పోయిన ఫ్రేముకి రంగు వేయక తప్పదు. అప్పుడు కూడా పౌడర్ కోటింగ్ కంటే మామూలు ఎనామిల్ నయం. పౌడర్ మందంగా పేరుకుని లగ్గుల అంచుల్ని, ఫ్రేము నెంబరుని పూడ్చేస్తుంది. దానికి ముందు చేసే ఇసుక బ్లాస్టింగ్ అచ్చుకొట్టిన అంకెల్ని అరగదీస్తుంది. గీతలు వేయించాలంటే స్టిక్కరు కట్ చేయించేకన్నా, చేత్తో నెంబర్ ప్లేట్లు రాసే ఆర్టిస్టుని అడగండి. కుంచె పట్టే చెయ్యి ఇంకా ఉన్న ఊళ్లు మనవి.

తీసిన సామాన్లు ఏవీ పాత ఇనుప సామాను వాడికి వేయకండి. ఒక సంచిలో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి బండితోనే ఉంచండి, తర్వాత ఎవరికైనా అవసరం పడుతుంది. బాగైన బండిని తొక్కడం మొదలుపెట్టాక మొదటి రెండు వారాలు స్పానర్ దగ్గర పెట్టుకోండి. కొత్త కాటర్ పిన్ను తొక్కేకొద్దీ ఇంకాస్త లోపలికి కూర్చుంటుంది, నట్టు వదులవుతుంది. దాన్ని ఒకటి రెండుసార్లు బిగించకపోతే పిన్ను నలిగి, క్రాంకు ఊగి, కొత్త పని మొదటికొస్తుంది. స్పోకుల్ని కూడా అప్పుడే ఒకసారి చూపించండి.